గరిటె అంచుకు పైన

మా కుటుంబంలో నేను తీపి అమ్ముతాను, మా అక్క తినొద్దంటుంది, మా బావగారు తిన్నవాళ్ల పళ్లు పీకుతారు. నా బేకరీ, బావగారి పళ్ల ఆసుపత్రి ఎదురెదురుగా ఉండటంతో కొత్తవాళ్లు ఇదంతా మేం కూడబలుక్కుని పెట్టిన వ్యాపారమనుకుంటారు. ఇద్దరికీ సమానంగా నష్టం కలిగిస్తున్న అక్క ఊరి చివర పరిశోధన సంస్థలో పోషకాహార శాస్త్రవేత్త.

అక్క ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: జనం నిజంగా ఎంత తింటున్నారో కనిపెట్టడం. వినడానికి సులువే గానీ తిండి విషయంలో నిజం చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. లావుగా ఉన్నవాళ్లు గాలి పీల్చినా ఒళ్లొస్తుందంటారు, సన్నగా ఉన్నవాళ్లు రాళ్లు తిన్నా అరిగిపోతాయంటారు. అందుకని అక్క ఎవరి మాటా నమ్మదు. తినకముందు పళ్లెం తూస్తుంది, తిన్నాక మిగిలింది తూస్తుంది, కింద పడింది కూడా ఏరి తూస్తుంది. ఆవిడ చేతిసంచిలో అద్దం, దువ్వెన ఉండవు. అరచేతిలో పట్టే చిన్న త్రాసు ఉంటుంది.

పెళ్లైన కొత్తలో బావగారు ముచ్చటపడి తనే వండి వడ్డిస్తే, బాగుందనడానికి ముందే “ఇందులో నూనె ఎంత పోశారండీ?” అని అడిగిందట. ఆ రోజు నుంచి ఆయన ఆవిణ్ణి త్రాసు అని పిలుస్తారు. కోపం వస్తే త్రాసుగారు అంటారు.

సంస్థ వెనకవైపు, కింది అంతస్తులో అక్కవి రెండు గదులు. ఒకటి వంటగది. పొయ్యిలు, గిన్నెలు, గోడకు వరసగా వేలాడే గరిటెలు, ప్రతి గరిటె కాడకూ దాని కొలత రాసి కట్టిన చీటీ. రెండోది భోజనాల గది. అందులో కుర్చీలు, బల్లలు అన్నీ మోకాలెత్తువే, ఎందుకంటే అక్క పరిశోధనల్లో అతిథులంతా పాలపళ్లవాళ్లే. పై అంతస్తుల్లో తెల్లకోట్లవాళ్లు యంత్రాల ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటే, అక్క గదుల్లోంచి మాత్రం ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తుంది. పదకొండు గంటలయ్యేసరికి పైవాళ్లకు కిందికి రావాల్సిన పనులు తెగ పుట్టుకొస్తాయి. ఒకాయన గుండుసూది కోసం వస్తాడు. ఆయనే పై అంతస్తు విటమిన్ల విభాగం పెద్ద. మా అక్క ఆయన్ని ‘విటమిన్లాయన’ అంటుంది. ఆయనకు అక్క వంట మీద ఎంత ప్రేమో, అక్క గదుల మీద అంతకు రెండింతల ప్రేమ. కొత్తగా తెప్పించుకోబోయే యంత్రాన్ని ఆ భోజనాల గదిలో ఏ మూల పెట్టాలో ఆయన మనసులో ఎప్పుడో నిశ్చయమైపోయింది.

తొమ్మిదేళ్ల కిందట అక్క పేరు దేశదేశాల్లో మోగించిన పరిశోధన పేపరు పుట్టింది ఆ వంటగదిలోనే. కొన్ని పసిపిల్లల బడులు ఎంచుకుని, సగం బడుల్లో మామూలు జావ పెట్టించింది. మిగతా సగంలో పప్పులూ గింజలూ వేయించి పొడిచేసి కలిపిన కొత్త జావ. అన్ని బడులకూ ఒకే రకం గరిటెలు, ప్రతి పిల్లకూ రెండేసి గరిటెలు. ఏడాది తిరిగేసరికి మామూలు జావ పిల్లలు మామూలుగానే ఉన్నారు, కొత్త జావ పిల్లలు గుమ్మడిపండ్లలా తయారయ్యారు. ‘తిండి అంతే, ఎదుగుదల మాత్రం ఎక్కువ’ అని అక్క రాసింది. ఇక చూడండి, ఆ పేపరు నడిచింది కాదు, పరిగెత్తింది.

సైటేషన్ అనే మాటకు అర్థం నాకు అప్పుడే తెలిసింది. ఒక శాస్త్రవేత్త తన పేపర్లో ‘ఫలానా ఆవిడ ఇలా తేల్చింది’ అని రాస్తే, ఆ ఫలానా ఆవిడ ఖాతాలో ఒకటి పడుతుంది. అలా ఎన్ని పడితే అంత గొప్ప. ఈ లెక్కంతా ఎక్కడో ఒక కంప్యూటరు కూర్చుని చేస్తూ ఉంటుంది. ఇది విన్నాక నా సంగతేమిటని నేనూ ఆలోచించాను. నా మాటను పనిగట్టుకుని పేర్కొనేది మా అత్తగారొక్కరే, అదీ తగాదాల్లో, ‘అప్పుడు నువ్వే కదమ్మా అలా అన్నావు’ అని. అక్క పరిస్థితి వేరు. లోకంలో ఎవరు జావ గురించి రాసినా మా అక్క పేరు చెప్పందే ముద్ద దిగదు. ఆవిడకున్న సైటేషన్లలో సగానికి పైగా ఆ ఒక్క పేపరువే. మిగతావీ మంచి పేపర్లే. పిల్లలు పాలగ్లాసు అడుగున ఎంత వదిలేస్తారు, రొట్టె అంచులు ఎవరు తింటారు, ఎవరు బల్ల కింద దాస్తారు లాంటివి. కానీ వాటిని చదివినవాళ్లలో చాలామంది మా బంధువులే.

అంతా సజావుగా ఉండగా సంస్థకు కొత్త డైరెక్టరుగారు వచ్చారు. మనిషి మంచివారే గానీ, అంకె లేనిదే ఆయనకు పొద్దు పొడవదు. వస్తూనే ఒక నిర్ణయం ప్రకటించారు. బయటనుంచి పెద్దలతో ఒక సమీక్షా సంఘం వస్తుంది, విభాగాలవారీగా సైటేషన్లు చూస్తుంది, అట్టడుగున మిగిలిన విభాగం తన గదులు పైవాళ్లకు అప్పగించి ఇంకో విభాగంలో కలిసిపోవాలి. విటమిన్లాయన ఆ మధ్యాహ్నమే గుండుసూదికి బదులు కొలతల టేపు పట్టుకుని కిందికి దిగాడు.

“కొలుచుకోండి, ఏం పోయింది? నా జావ పేపరు ఉన్నంతకాలం ఈ కుర్చీలు కదలవు” అని అక్క ఆయనకు టేపు రెండో కొస పట్టుకుని సాయం కూడా చేసిందట. అంత ధీమాగా ఉంది మరి.

ఆ ఆదివారం నా బేకరీలో పనమ్మాయి రాలేదు. అక్కను సాయం పిలిచాను. మామూలుగా అయితే నా దుకాణం గడప తొక్కడమే తన వృత్తికి అవమానమనుకునే మనిషి, ఆ రోజు మాత్రం చెంగు దోపుకుని వచ్చేసింది. ఆవిడకు గరిటె ఇచ్చి, కేకు పిండి కాగితపు గిన్నెల్లో పొయ్యమన్నాను.

“ఎంతెంత?”

“ఎంతేముందక్కా, ఒక్కో గరిటె.”

పోసింది. తిరిగి వచ్చి చూద్దును కదా, ట్రేలు నిండిపోయాయి, తపేలాలో పిండి ఇంకా బోలెడు మిగిలి ఉంది. నేను చేసే రోజున ఆఖరి ట్రేకు వచ్చేసరికి అడుగు గీరుకోవాల్సి వస్తుంది. నాకు ఒళ్లు మండింది.

“నా కేకులకి అన్నిటికీ అరకొరగా పోశావు! కొన్నవాళ్లు నా మొహాన కొట్టరూ?”

“నిండా పోశానే! అంచుదాకా, సమంగా, చుక్క తేడా లేకుండా.”

“అంచుదాకా పోస్తే నిండినట్టా? గరిటె అంటే ఇదిగో, ఇలా.” నేను గరిటె ముంచి తీశాను. చిక్కటి పిండి అంచు మీద గుట్టలా లేచి నిలబడింది. “ఈ పైన ఉంది చూడు, ఇది కూడా కలిస్తేనే గరిటె.”

అక్క ఆ గుట్ట వంక చూసింది. చూస్తూనే ఉంది. తర్వాత గరిటె నా చేతిలోంచి తీసుకుని కుళాయి కింద పట్టింది. నీళ్లు అంచుదాకా వచ్చి చుట్టూ జారిపోయాయి. మళ్లీ పిండిలో ముంచింది. మళ్లీ గుట్ట. కుళాయి దగ్గరికీ తపేలా దగ్గరికీ అలా తిరుగుతూనే ఉంది. నేను కసిరినందుకు నొచ్చుకుందేమోనని “పోనీలే అక్కా, కేకులే కదా” అన్నాను. ఆవిడ అసలు వినలేదు. దోపుకున్న చెంగు కూడా విప్పకుండానే వెళ్లిపోయింది. ఎదుటి మెట్ల మీద నిలబడి ఉన్న బావగారిని కూడా పలకరించలేదట.

సంగతేమిటో సాయంత్రానికి గానీ నాకు అర్థం కాలేదు. తొమ్మిదేళ్ల కిందట అక్క బడులకు పంపిన ప్రతి గరిటెనూ స్వయంగా కొలిచింది. నీళ్లు పోసి, ఆ నీళ్లను గాజు గొట్టంలోకి ఒంపి, చుక్క కూడా పోకుండా. ఆ కొలతే చీటీ మీద రాసి కాడకు కట్టింది. కానీ మామూలు జావ పలచన, నీళ్లలాగే అంచు దగ్గర ఆగిపోతుంది. కొత్త జావ చిక్కన, నా కేకు పిండిలా గుట్టగా లేస్తుంది. అంటే కొత్త జావ పిల్లలు రెండు గరిటెల పేరుతో అంతకన్నా ఎక్కువే తాగారేమో. అలాంటప్పుడు ‘తిండి అంతే’ అన్న మాట ఎక్కడ నిలుస్తుంది? అంత జాగ్రత్తగా తప్పు చేయడం మా అక్కకే చెల్లింది.

మర్నాడు వంటగదిలో పరీక్ష పెట్టింది. నేనూ వెళ్లాను, కేకుల గొడవ మొదలుపెట్టిన పాపానికి. రెండు పొయ్యిల మీద రెండు జావలు ఉడికాయి. గోడ మీంచి పాత గరిటె దిగింది. వంటావిడ, కాపలాదారు, డైరెక్టరుగారి డ్రైవరు, అకౌంట్స్ ఆఫీసరు, గుండుసూది కోసం వచ్చిన విటమిన్లాయన, నేను, దొరికినవాళ్లందరినీ వరసలో నిలబెట్టింది. “ఎదురుగా ఆకలేసిన పిల్ల కూర్చుందనుకోండి. ఒక్క గరిటె వడ్డించండి చాలు” అంది.

పలచన జావ అందరి చేతిలోనూ ఒకేలా తూగింది. చిక్కన జావ దగ్గరికి వచ్చేసరికి ఎవరి చెయ్యి ఏమిటో బయటపడిపోయింది. వంటావిడ గరిటె మీద చిన్న కొండే లేచింది. డ్రైవరు కొండ పెట్టి, ‘పాపం చిన్నపిల్ల కదా’ అని గరిటె అంచుకు అంటుకున్నది కూడా గీకి పళ్లెంలో వేశాడు. విటమిన్లాయన కూడా ధారాళంగానే తీశాడు. అకౌంట్స్ ఆఫీసరు ఒక్కరే అంచుకు కాస్త కిందికే ఆపారు. ఎముక లేని చెయ్యి అంటారు కదా, ఆయన చేతికి మాత్రం ఎముక నిక్షేపంగా ఉందని ఆ రోజు రుజువైంది.

అక్కతోపాటు ఆ పేపరు రాసిన లెక్కలాయన ఒక మూల కూర్చుని, ఈ తూకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, పాత లెక్క మళ్లీ వేశాడు. అంకెల మీద ఒట్టేసి బతికే మనిషి. చాలాసేపటికి తలెత్తాడు.

“నా లెక్కలో తప్పు లేదు మేడమ్.”

“అది నాకు తెలుసు. పిల్లలు ఎందుకు పెరిగారు?”

“కొసరు వల్ల” అన్నాడాయన. “కొత్త జావ మహిమ ఏమీ లేదు. గరిటె పైన ఉన్నదంతా లెక్కలోకి తీసుకుంటే ఎక్కువ తిన్నారు, ఎక్కువ పెరిగారు. అంతే.”

వడ్డించేవాడు మనవాడైతే ఏ పంక్తిలో కూర్చుంటేనేం అని ఊరికే అన్నారా పెద్దలు? బడుల్లో వడ్డించిన ఆ తల్లులు ఎవరో గానీ, పిల్లల మొహాలు చూసి కొసరి కొసరి పోశారు. మా అక్క ఆ కొసరునంతా పట్టుకెళ్లి జావ ఖాతాలో వేసింది.

ఆ సాయంత్రం అక్కా బావల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నేను ఊరుకోలేదు. నాకు దాపరికం చేతకాదు, మనసులో ఉన్నది నోటికి వచ్చేస్తుంది.

“వడ్డించినవాళ్లకి అదెందుకో తెలీదు, అసలు సంగతి మన ముగ్గురికీ లెక్కలాయనకీ తప్ప ఎవరికీ తెలీదు. సంఘం వచ్చి వెళ్లేదాకా నోరు మూసుకుని కూర్చో. ఆ తర్వాత తీరిగ్గా చెప్పుకో. ఇప్పుడా పేపరు వెనక్కి తీసుకుంటే గదులు పోతాయి. కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా ఎవరైనా?”

బావగారు పళ్లు కుట్టుకుంటున్నారు. పళ్ల డాక్టరు భోజనం చేస్తూ పళ్లు కుట్టుకుంటున్నాడంటే ఎటూ తేల్చుకోలేకపోతున్నాడని అర్థం.

అక్క కంచం పక్కకు జరిపింది. “నా గదుల గురించి కాదే. నా పేపరు చదివి ఎక్కడెక్కడో బడుల్లో ఈ జావ పెడుతున్నారు. రెండు గరిటెలు చాలని నేనే రాశాను కదా. ఎవరో నాలాంటి జాగ్రత్తపరురాలు ఉంటుంది. అంచుకు సమంగా కత్తితో గీసి మరీ పోస్తుంటుంది. ఆ పిల్లలకి కొసరు అందట్లేదు. వాళ్లు ఎదగకపోతే తప్పు ఎవరిది?”

నిన్న నా కేకులకు అరకొరగా పోసిందని ఎంత గొడవ చేశానో గుర్తొచ్చింది. కేకులకే అంత గొడవైతే పిల్లల సంగతేమిటి?

“పంపించు త్రాసూ” అన్నారు బావగారు. “గదులు పోతే నా ఆసుపత్రి వెనక గది ఖాళీగానే ఉంది. కుర్చీ ఒకటే, కాస్త వెనక్కి వాలుతుంది.”

ఆ పేపరు అచ్చువేసిన పత్రికవాళ్లకు అక్క రాసేసింది. జావ పేపరు వెనక్కి తీసుకుంటున్నామనీ, కారణం ఇదనీ. దాంతోపాటు గరిటె గురించి రెండు పేజీల చిన్న పేపరు: ఏ పదార్థం వడ్డిస్తామో గరిటెను ఆ పదార్థంతోనే, వడ్డించే మనిషి చేతిలో పెట్టి కొలవాలి. పత్రికవాళ్లు రెంటినీ వెంటనే అచ్చువేశారు. ఆ తర్వాత డైరెక్టరుగారికి చెప్పడానికి వెళ్లింది. తోడు వెళ్లిన లెక్కలాయన నాకు ఆ సన్నివేశం మొత్తం అభినయించి చూపించాడు.

“పిల్లలకి ఎక్కువ పెడితే ఎక్కువ పెరుగుతారు! ఇది కనిపెట్టడానికి తొమ్మిదేళ్లా డాక్టరుగారూ? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది.”

“అవును సార్. కానీ ఈసారి ఎలుకని సరిగ్గా తూచాం” అందట అక్క.

డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆయనే ముఖం చేటంత చేసుకుని అక్కను పిలిపించారు. విషయమేమిటంటే, సైటేషన్లు లెక్కపెట్టే ఆ కంప్యూటరుకు పేపరు వెనక్కి తీసుకున్నా ఒకటే, నెత్తిన పెట్టుకున్నా ఒకటే. పాత అంకె అలాగే ఉంది. పైగా పెరిగింది కూడా, ఎందుకంటే సంగతి తెలియనివాళ్లు ఇంకా పేర్కొంటూనే ఉన్నారు.

“మిషనే తగ్గించలేదు, మధ్యలో మనకెందుకు చెప్పండి? మీరు అబద్ధం ఆడక్కర్లేదు. ఊరికే ఉండండి చాలు” అన్నారాయన. అది ఆవిడ మేలు కోరే అన్నారని నేను ఒప్పుకుంటాను. అక్క సరేననలేదు, కాదననూ లేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. అంత తూకంగా వండే మనిషికి అలా జరిగిందంటే లోపల ఎంత నలిగిందో చూసుకోండి.

సమీక్ష రోజున బిస్కెట్ల ఆర్డరు నా బేకరీకే వచ్చింది. పోషకాహారంవాళ్ల సమావేశంలో నీ బిస్కెట్లా అని అక్క గునిసింది గానీ, డైరెక్టరుగారికి నా వెన్న బిస్కెట్లంటే ప్రాణం. అందుకే ట్రే పట్టుకుని హాలు వెనక నిలబడి అంతా కళ్లారా చూశాను.

సంఘంలో ఐదుగురు. మధ్యలో అధ్యక్షుడు, తెల్లటి మీసాలాయన, నిటారుగా కూర్చున్నారు. పిల్లల తిండి విషయంలో ఆయన మాటకు తిరుగులేదట, ఆయన పేపరు ఒకటి మా అక్క జావ పేపరుకు తాత లాంటిదట. తెర మీద విభాగాల పేర్లు, ఎదురుగా అంకెలు. అక్క విభాగం పైనుంచి రెండోది. అట్టడుగున ఎవరిదో నీటి పరీక్షల విభాగం. డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వారు. విటమిన్లాయన నీరసంగా టేపు జేబులో పెట్టేసుకున్నాడు. మీసాలాయన కాగితం తిప్పబోతుండగా అక్క లేచి నిలబడింది.

“సార్, ఆ అంకె తప్పు. అందులో సగానికి పైగా నేను వెనక్కి తీసుకున్న పేపరువి. అవి తీసేసి చదవండి.”

“తీసేస్తే మీ విభాగం ఎక్కడికి వస్తుందో తెలుసా అమ్మా?”

“తెలుసు సార్. అట్టడుగుకి.”

డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. నాకు మాత్రం ఈవిడ మా అక్క అని పక్కవాళ్లకు చెప్పుకోవాలనిపించింది, చెప్పాను కూడా. పక్కన ఉన్నది నీటి పరీక్షలావిడ, నన్ను వాటేసుకున్నంత పనిచేసింది.

“పేపరు ఎందుకు వెనక్కి తీసుకున్నారు?” మీసాలాయన అడిగారు.

“గరిటె కొలతలో తప్పు జరిగింది సార్.”

“గరిటె కొలతలో తప్పేమిటమ్మా? నింపడం, పొయ్యడం!”

“ఒకసారి వంటగదికి రండి సార్, చూపిస్తాను.”

ఐదుగురూ లేచి వచ్చారు, వెనక మేమంతా. నేను ట్రే వదలలేదు. అక్క జావ వేడిచేసి, త్రాసు మీద పళ్లెం పెట్టి, ఆ రోజు మాకు చెప్పిన మాటే వాళ్లకూ చెప్పింది, ఎదురుగా ఆకలేసిన పిల్ల ఉందనుకోమని. మొదటి ఆయన చిన్న కొండ తీశాడు. రెండో ఆవిడ పెద్దది తీసి, ఇంకాస్త వేయనా అని అడిగింది. అందరికన్నా ఎత్తుగా తీసింది మీసాలాయన. కోటు చేతులు పైకి మడిచి, ఒలకకుండా, చంటిపిల్ల నోటికి అందించినంత మెల్లగా పళ్లెంలో దించారు. తర్వాత త్రాసు మీద అంకె చూశారు. కాడకున్న చీటీ మీద అంకె చూశారు. మళ్లీ త్రాసు చూశారు.

“గరిటెను దేంతో కొలిచారమ్మా?”

“నీళ్లతో సార్.”

“అందరం నీళ్లతోనే కొలుస్తాం కదా” అన్నారు మెల్లగా.

“అవును సార్. అందరం.”

ఆ తర్వాత ఐదుగురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. నేను బిస్కెట్లు చూపించాను, ఎవరూ ముట్టలేదు.

నిర్ణయం వారంలో వచ్చింది. నియమం నియమమే కాబట్టి భోజనాల గది విటమిన్లాయనకు పోయింది, అక్క విభాగం ఆయన విభాగంలో కలిసింది. కానీ ఉత్తర్వులో చివర ఒక వాక్యం ఉంది: వంటగది మాత్రం అలాగే ఉండాలి, సంస్థలో తిండి కొలిచే పని ఎవరు మొదలుపెట్టినా ముందు తమ గరిటెను అక్కడికి తీసుకెళ్లాలి. మోకాలెత్తు కుర్చీలన్నీ వంటగదిలోకి వచ్చి చేరాయి. మనిషి నడవడానికి చోటు లేదు. విటమిన్లాయన ఇప్పుడు గుండుసూది సాకు లేకుండానే దర్జాగా వచ్చి ఒక చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటాడు, అధికారి కదా.

అక్కకు మాత్రం ఇంకో కొత్త పని పడింది. వెనక్కి తీసుకున్న పేపర్ని ఇంకా పేర్కొంటున్నవాళ్లను వెతికి, ‘అయ్యా, దయచేసి నా మాట చెప్పకండి, అది తప్పు’ అని ఒక్కొక్కరికీ రాస్తూ కూర్చుంటుంది. “అందరూ పేరు కోసం పాకులాడుతుంటే, నా భార్య పేరు కొట్టేయమని కాళ్లావేళ్లా పడుతోంది” అంటారు బావగారు. ఇక ఆ రెండు పేజీల గరిటె పేపరుకైతే ఒక్క సైటేషన్ కూడా లేదు. ఆయన రోజూ కంప్యూటర్లో చూసి, పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాళ్ల ముందే వీధి అవతలికి కేకేసేవారు, “మరదలా! ఇవాళ కూడా సున్నాయే!” అని. ఆయన వేళాకోళమే గానీ, అక్క వింటే చిన్నబుచ్చుకుంటుందని నాకు బెంగగా ఉండేది. తప్పు చెప్పినప్పుడు లోకమంతా విన్నది, ఒప్పు చెప్పినప్పుడు వినేవాడు లేడు. ఇదెక్కడి న్యాయం?

ఒక మధ్యాహ్నం అక్క నా బేకరీలోకి వచ్చింది. చేతిలో ఒకే ఒక అచ్చు కాగితం. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

“ఒకటి పడిందే” అంది.

కాగితం నాకిచ్చింది. ఎవరో తమ పాత పేపరు వెనక్కి తీసుకుంటూ పత్రికలో వేసిన ప్రకటన అది. చాలా పెద్ద పేపరు, దేశదేశాల్లో బడి భోజనాలకు దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారట. ‘మా గరిటెను కూడా నీళ్లతోనే కొలిచాం’ అని ఉంది. ఆ వాక్యం చివర, ఈ సంగతి మాకు నేర్పింది ఫలానా అని మా అక్క రెండు పేజీల పేపరు పేరు. కింద సంతకం చూశాను. తెల్ల మీసాలాయనది.

“ఆయన వయసుకి, ఆ పేరుకి, ఎవరు అడిగారే ఆయన్ని?” అంటూ అక్క చెంగుతో కళ్లు తుడుచుకుంది. “ఇక ఎక్కడైనా ఆ గరిటె పెట్టి పోసేటప్పుడు కొండతోటే పోస్తారు. ఆ పిల్లలందరికీ.”

నాకూ ఏడుపొచ్చింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. సైటేషన్ల సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ, ఆ ఒక్కటీ జావ పేపరుకు వచ్చిన వాటన్నిటికన్నా బరువని ఏ త్రాసు లేకుండానే చెప్పగలను.

“ఒక కేకు ముక్క పెట్టు” అంది అక్క.

నా దుకాణం పెట్టాక ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ముక్క కోసి పళ్లెంలో పెట్టాను. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి చేతిసంచిలోకి వెళ్లింది. త్రాసు తీస్తుందనుకున్నాను. రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది.

“ఇంతేనా?” అంది పళ్లెం నా వైపు చాపి. “కొసరేదీ?”

కత్తి పక్కన పడేసి, చేత్తోనే ఇంకో ముక్క విరిచి పెట్టాను. ఎదుటి మెట్ల మీదనుంచి బావగారు అదంతా చూస్తున్నారు. తన దవడ మీద వేలు పెట్టి చూపించి, రేపు పొద్దున్న ఖాళీయే రమ్మన్నట్టు సైగ చేశారు. అక్క ఆయన వంక చూస్తూనే రెండో ముక్క కూడా నోట్లో పెట్టుకుంది.